తొట్టిలో కలిసిన బూడిద

ఏడు నెలల గర్భిణి నా కూతురు ఖోతిమా సగం కొరికి పెట్టిన ఉప్పుగుడ్డులో తెల్లసొన ఆకుపచ్చగా ఉంది.

రోజూ దానికి గుడ్డు కోసిపెట్టేది వాళ్ళ నాన్న. ఆ రోజు ఆయన పనిలో ఉంటే అదే కోసుకుంది. ఉమ్మెయ్యమన్నాను. అల్లుడి బండి మీద ఆసుపత్రికి పంపించి, నేను గుడ్ల పూత కలిపే తొట్టి దగ్గరికి వెళ్ళాను.

ఇరవై రెండేళ్లుగా బాతుగుడ్లకి ఇటుకపొడి, బూడిద, ఉప్పు కలిపి పూత పూసి ఉప్పుగుడ్లు చేస్తున్నాను. జావా ఉత్తర తీరంలో సగం ఇళ్ళ పని అదే. తొట్టిలో చెయ్యి పెట్టి కెలికాను. నల్లగా కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్ ఉండలు. వాటికి అంటుకుని రాగి పూసలు.

బూడిద ఇచ్చేది ఇటుకబట్టీ కస్మూన్. నా బిడ్డకి విషం పెట్టావని బట్టీ దగ్గర నలుగురిలో కడిగేశాను.  కస్మూన్ తన కుప్పలోంచి చిటికెడు బూడిద తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"ఊక బూడిద. పళ్ళు కూడా దీంతోనే తోముకుంటాను. ఇప్పుడు నీ తొట్టిలోది నువ్వు వేసుకో వదినా, చూద్దాం."

నేను అతని కుప్ప కెలికి చూశాను, నల్ల ఉండ ఒక్కటీ లేదు.

"నువ్వు సంతకి పోయినప్పుడల్లా మీ పెరట్లో నల్లపొగ. మా ఆవిడ ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కుంటోంది. అన్నయ్యని అడుగు."

నా మొగుడు దర్యోనో ముప్పై ఏళ్లుగా ఫ్యాన్లు బాగుచేస్తాడు. కొట్టు నిండా విరిగిన రెక్కలు, పగిలిన డొప్పలు. ఓ నల్ల ఉండ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఇదేంటయ్యా అన్నాను. 

"కొత్త ఫ్యాన్లకి స్క్రూలు లేవు తర్సినా. అన్నీ అతికించేసి అమ్ముతున్నారు. పగలగొడితేగానీ తెరుచుకోవు. పగలగొట్టాక ఇంకేం బాగుచేస్తాను? ఏడాదికొకటి కొంటారు, పాతది నా గుమ్మంలో పడేసి పోతారు. వైర్లు కాలిస్తే రాగి మిగులుతుంది. ఊరిపెద్ద కాల్చొద్దన్నాడు. బూడిద ఎక్కడ పోసినా పట్టుకుంటారు. బూడిదలో బూడిద ఎవరికి కనబడుతుందిలే అని నీ తొట్టిలో కలిపాను."

"ఆ గుడ్లు ఖోతిమా తింటోందని తెలుసు కదా?"

"తెలుసు. రోజూ నేనే కోసి చూసేవాణ్ణి. రంగు మారినవి నేను తినేశాను. బాగున్నట్టు కనిపించినవి దానికి పెట్టాను."