సోనీ వంతు పాలు

రెండో దెబ్బకు సత్తెమ్మ పేడతట్ట మీద బోర్లా పడింది. బర్రెలను కట్టేసే పలుపు తడిసి ఉంటే కర్రకంటే ఎక్కువ కోస్తుంది. మూడోది మెడ మీద పడింది. పక్కింటి వరమ్మ గోడ మీంచి తొంగి చూసి, మొగుడూ పెళ్లాల లొల్లి మనకెందుకనుకుని దిగిపోయింది. ఆడదాని వీపుకు సాక్షులు ఎందరైనా దొరుకుతారు ఈ బస్తీలో, అడ్డొచ్చేవాళ్లే దొరకరు.

బీరయ్య కోపానికి కారణం లేకపోలేదు. పొద్దున హుస్సేనీ ఆలంలో చాయ్ హోటల్ సేటు అతని పాలలో లాక్టోమీటర్ వేశాడు. నీళ్లు కలిసినట్టు తేలింది. ఇరవై ఏళ్లుగా రోజూ పాలు పోస్తున్న వాడిక. సేటు తిట్టనైనా తిట్టలేదు. ఎనిమిది లీటర్ల క్యాను పదిమంది చూస్తుండగా మురుగు మోరీలో కుమ్మరించి, రేపటి నుంచి రావద్దన్నాడు. లీటరు ఎనభై రూపాయల పాలు. బీరయ్య తండ్రి నాటి నుంచీ వాళ్లింట్లో ఒకటే కట్టడి: అమ్మే పాలలో చుక్క నీళ్లు కలపకూడదు, చుక్క పాలు ఇంటివాళ్లు తాగకూడదు.

"నీళ్లెవ్వలు గలిపిన్రే?"

"నేనే గలిపిన." సత్తెమ్మ నోట్లోంచి రక్తం కారుతోంది. "సోనీకి రోజు చెంబెడు దీసిన. కొలత తక్కువైతదని నీళ్లు వోసిన."

నాలుగో దెబ్బ ఆ మాటకే, అడ్డం పెట్టిన చేతుల మీద పడింది.

సోనీకి పదకొండేళ్లు. పాలమ్ముకునే ఇంట్లో పుట్టి పొద్దున నల్ల చాయ్‌లో రస్కు ముంచుకు తింటుంది. మధ్యాహ్నం ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, రాత్రి నూడుల్స్. బడిలో పెట్టే అన్నం ఆ పిల్ల నోటికి ఎక్కదు. సత్తెమ్మ అత్త బతికున్నన్నాళ్లు జొన్నరొట్టె, ఆకుకూర ఉండేవి. ఇప్పుడు సత్తెమ్మ తెల్లారుజామున నాలుగింటికే బర్రెల కింద చేరుతుంది, పొయ్యి దగ్గర కూర్చునే తీరికేదీ? చేతిలో ఐదు రూపాయలు పెడితే పిల్ల ఏడవదు. నెల కిందట సోనీ బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానలో తనూజ సిస్టర్ రక్తం పరీక్ష చేసి హిమోగ్లోబిన్ ఏడే ఉందంది, మందులు రాసిచ్చి గుడ్లు, ఆకుకూరలు, పాలు పెట్టమంది. మీ ఇంట్లో పాలకేం తక్కువని నవ్వింది కూడా. సత్తెమ్మ ఆ సిగ్గుతో ఇంటిదాకా తలెత్తలేదు. ఆ మర్నాటి నుంచే క్యానులో చెయ్యి పెట్టింది.

సాయంత్రం చాంద్రాయణగుట్టలో వాళ్ల బర్రెల షెడ్డు ముందు వాడికవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఏమీ జరగనట్టు, లేచి పాలు పిండమన్నాడు బీరయ్య.

"నేను పిండ."

బీరయ్యే బకెట్ పట్టుకుని ముందున్న బర్రె కింద కూర్చున్నాడు. ఆ బర్రె సత్తెమ్మ చేతికి తప్ప చేపదు, పొదుగులోకి పాలు దింపదు. పొదుగు ఎంత లాగినా చుక్క రాలేదు. డొక్కలో గుద్దాడు. అది తన్నింది. బకెట్ ఎగిరి అతని పెదవి చీల్చింది. గిన్నెలవాళ్లలో ఎవరో నవ్వారు. బీరయ్య లేచి సత్తెమ్మ మీదికి గోడకున్న పార అందుకున్నాడు.

సత్తెమ్మ పారిపోలేదు. వాచిన చేతులతోనే బర్రె కింద కూర్చుంది. అది చేపింది. గ్లాసు నిండగానే పిండడం ఆపి, గుమ్మం వెనక నక్కిన సోనీని పిలిచింది.

"ముందుగాల నా బిడ్డ తాగాలె. గటెన్కనే ఎవ్వలకైనా. నీళ్లు గలుప, దొంగతనం జెయ్య. అందరి ముంగట్నే వోస్త."

బీరయ్య పార ఎత్తాడు. గిన్నెలవాళ్లు నవ్వడం మానేశారు. సోనీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. నురగ పాలు వేళ్ల మీద ఒలికాయి. తండ్రి వైపు చూసింది.

"ఆయన దిక్కు సూడకు. తాగు."

సోనీ గ్లాసు ఎత్తింది.