కప్ప నడక నేర్చుకుంది

ఆ లారీకి తయారుచేసినవాళ్ళు పెట్టిన పేరు, ముందుభాగం మీద అక్షరాలతో సహా ఎప్పుడో రాలిపోయింది. ఇప్పుడు దాన్ని అందరూ కప్ప అంటారు. ఆకుపచ్చ రంగు అందుకు ఒక కారణం. అసలు కారణం దాని నడక. దారిలో గులకరాయి కనబడితే మిగతా బండ్లు తొక్కి పోతాయి, కప్ప గెంతి పోతుంది. లోపల కూర్చున్నవాళ్ళకి నడుం సీటుకీ, తల పైకప్పుకీ, పళ్ళు పళ్ళకీ తగిలేవి.

దాన్ని నడిపే ఆవిణ్ణి ఊరంతా డ్రైవరమ్మ అనేవారు. ఆవిడ మొగుడు తేనెటీగలు పెంచుతాడు. పూలు ఎక్కడ పూస్తే అక్కడికి పెట్టెలు మార్చాలి కాబట్టి ఆ ఇంటికి లారీ తప్పనిసరి. ఈగలతో ఎంత చనువో ఆయనకి స్టీరింగంటే అంత బెరుకు. ఒకే ఒక్కసారి కప్పని నడపబోయి మురుగుకాలవలో దింపాడు. అప్పటినుంచి పెట్టెలు ఆయనవి, బండి ఆవిడది.

కప్ప గుణాలన్నీ డ్రైవరమ్మకి కొట్టినపిండి. అది తిన్నగా పోవాలంటే స్టీరింగు కుడికి పావువంతు తిప్పి పట్టుకోవాలి. బ్రేకు తొక్కితే ఎడమకి లాగుతుంది, అందుకని తొక్కబోయే ముందే ఇంకాస్త కుడికి తిప్పాలి. ఇక మలుపులో అయితే, మలుపు రాకముందే తిప్పడం మొదలెట్టాలి. స్టీరింగు తిరగడానికీ చక్రాలు తిరగడానికీ మధ్య కప్ప కాసేపు ఆలోచించుకుంటుంది మరి. ఊళ్ళో పేరున్న డ్రైవర్లు కూడా దాన్ని ఎక్కి నాలుగు గజాలు పోయి, దండం పెట్టి దిగిపోయారు. "అది నీ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ నడవదమ్మా" అనేవారు. ఆ మాట విన్న రోజు డ్రైవరమ్మ అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేది.

కానీ ఆవిడ పనితనం తేనెటీగలకి తెలియదు కదా. కుదుపు కుదుపుకీ పెట్టెల్లో వాటి కోపం పెరిగేది. గమ్యం చేరి పెట్టె తలుపు తీయగానే అవి కనబడిన మొదటి మనిషి మీద కసి తీర్చుకునేవి. ఆ మొదటి మనిషి ఎప్పుడూ ఆవిడ మొగుడే.

ఒకరోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పొద్దుతిరుగుడు తోటకి పెట్టెలు తోలుతున్నారు. తోట గట్టు దగ్గర గొయ్యి ఉంది. కప్ప ముందు చక్రాలు అందులో దిగి లేచాయి, వెనక చక్రాలు దిగి ఎగిరాయి, వాటితోపాటు ఒక పెట్టె మూత కూడా తాడు తెంపుకుని ఎగిరింది. "రండి రండి, మీకోసమే చూస్తున్నా" అంటూ ఎదురొచ్చిన తోట యజమాని ఆ వచ్చే గుంపుని చూసి, చెప్పులు అక్కడే వదిలేసి నీళ్ళకాలవలో దూకాడు. మొగుడు మాత్రం పారిపోలేదు. పెట్టె మీద దుప్పటి కప్పేసరికి ఆయన ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

ఆయనకి నొప్పి కంటిది కాదు. ఈగలు కొత్తగా కట్టుకున్న తేనెపట్లు రెండు విరిగి, వాటి మధ్య రాణీఈగ నలిగి చచ్చిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే డ్రైవరమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

ఆ వారంలోనే ఆడపడుచు సెలవు మీద దిగింది. ఆ పిల్ల పట్నంలో బస్సుల డిపోలో పని చేస్తుంది. ఆమె ఉద్యోగమంతా బస్సుల కిందే. చక్రాలు, స్ప్రింగులు, స్టీరింగు, అన్నీ ఆమె చేతుల మీదుగానే పోతాయి. సంచీ గుమ్మంలో పెడుతూనే అన్నగారి మొహం చూసి ఆగిపోయింది.

"వదినా, అన్నయ్య మొహానికేమైంది? నువ్వేనా?"

"నేనైతే రెండువైపులా సమానంగా వాయించేదాన్ని. అది ఈగల పని."

"ఈగల పని కాదమ్మా, గొయ్యి పని" అన్నాడు ఆయన మెల్లగా.

సంగతంతా విన్నాక ఆడపడుచు ఒకసారి కప్పలో తిప్పమంది. చెరుకుతోటల దాకా వెళ్ళి తిరిగొచ్చారు. బండి ఆగాక ఆ పిల్ల తలుపు పట్టుకుని నెమ్మదిగా దిగి, నడుం మీద చేతులేసుకుని వంగి నిలబడింది.

"నువ్వు బండి నడపట్లేదు వదినా. దాంతో కుస్తీ పడుతున్నావు."

డ్రైవరమ్మకి చురుక్కుమంది. "నాతో తప్ప ఎవరితోనూ నడవదే అది. పోయి ఎవర్నైనా అడుగు."

"అదే అంటున్నా. ఎవరితోనూ నడవనిది బండెలా అవుతుంది?" అంటూ ఆడపడుచు గోనెపట్టా పరుచుకుని లారీ కిందకి దూరింది. కాసేపటికి అక్కడినుంచి నవ్వు వినబడింది. మొదట చిన్నగా, తరవాత ఆగకుండా.

"ఏమిటే ఆ నవ్వు?"

"కిందకి రా వదినా. వచ్చి నీ కప్ప కాళ్ళు చూడు."

డ్రైవరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని దూరింది. ఇన్నేళ్ళూ బండి మీద కూర్చోవడమే గానీ దాని కింద పడుకుని చూసింది లేదు. వెనక ఇరుసు పైన రెండువైపులా ఇనపపట్టీల కట్టలు ఉన్నాయి. ఆడపడుచు వాటిని కమాను కట్టలంది. బరువు పడ్డప్పుడు ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ వంగాలి, అప్పుడే కుదుపు పైకి రాదు.

"ఇది ఇదివరకు ఏం మోసింది?"

"క్వారీ రాళ్ళు. వాళ్ళ దగ్గరే కొన్నాం."

"రాళ్ళకోసం మామూలు కట్ట మీద అదనంగా పట్టీలు వేసుకున్నారు. పైగా అన్నీ తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇది స్ప్రింగు కాదు, దూలం. రాళ్ళ బండిలో మీరు తేనెటీగల్ని కూర్చోబెట్టారు. ఆ ఎడమ పక్కన చూడు, పట్టీ విరిగింది కూడా. అందుకే అటు ఒరుగుతోంది."

ఇంకా ఉన్నాయి ఆ పిల్ల కనిపెట్టినవి. ఎగుడుదిగుళ్ళలో బండి ఊగకుండా పట్టి ఉంచాల్సిన షాక్ అబ్జార్బర్లలో నూనె ఎప్పుడో కారిపోయింది. అవి ఉత్త గొట్టాల్లా వేలాడుతున్నాయి. స్టీరింగుని చక్రాలతో కలిపే కీళ్ళు అరిగి లొడలొడలాడుతున్నాయి. టైర్లలో ఇప్పటికీ రాళ్ళ బరువుకి సరిపడా గాలి కొడుతున్నారు. ఆడపడుచు చెప్పుకుపోతుంటే డ్రైవరమ్మకి ఎవరో తన బిడ్డ చదువు గురించి ఫిర్యాదు చేస్తున్నట్టుంది. అయినా ఆవిడ కళ్ళముందు ఆ అరచేతిలోని రాణీఈగ మెదిలింది.

"బాగవుతుందా?" అని అడిగింది.

"నేను సెలవు మీద వచ్చానని నువ్వు మర్చిపోతే బాగవుతుంది."

మర్నాటినుంచి పెరడు వర్క్‌షాపైంది. కప్పని జాకీలతో లేపి, దుంగల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీశారు. కమాను కట్టల్ని ఇరుసుకి బిగించిన పెద్ద బోల్టులు తుప్పుతో మొరాయించాయి. ఆడపడుచు నూనె పోసి, వేడి చేసి, తిట్లు కూడా తిట్టి చూసింది. చివరికి డ్రైవరమ్మ సుత్తి లాక్కుని, "జరుగు, దీని సంగతి నాకు తెలుసు" అంటూ నాలుగు దెబ్బలేసింది. మొదటి బోల్టు ఊడి కింద పడగానే ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. మొగుడు ఒంటికన్నుతో పానాలు అందించేవాడు. అడిగిందొకటి, ఇచ్చిందొకటి. అయినా ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు.

అదనపు పట్టీలు తీసేశారు. విరిగినదాని బదులు కమ్మరిచేత కొత్తది కొట్టించి, మిగతావి తుప్పు గీకి, గ్రీజు పూసి, మళ్ళీ కట్టగా కట్టారు. కట్ట చివర్లలో ఇనుముకి ఇనుము రాసుకోకుండా కొత్త రబ్బరు బుష్‌లు దిగాయి, కొత్త షాక్ అబ్జార్బర్లు దిగాయి. స్టీరింగు కీళ్ళు మార్చాక, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా నూలుతాడు లాగి పట్టుకుని, చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో సరిచూసింది ఆడపడుచు. టైర్లలో గాలి తగ్గించింది. "బరువు పెట్టెలు ఇకనుంచి వెనక ఇరుసుకి ముందుండాలి. చివర పేరిస్తే తోక ఊపుతుంది" అని అన్నగారికి పాఠం చెప్పింది.

అంతా అయ్యాక డ్రైవరమ్మ తలంటుకుని వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఇరుగుపొరుగు గోడల మీదనుంచి చూస్తున్నారు. బండి కదిలింది. అలవాటుగా ఆవిడ చేతులు స్టీరింగుని కుడికి పావువంతు తిప్పి పట్టుకున్నాయి. కప్ప ఈసారి ఆలోచించుకోలేదు. చెప్పిన మాట చెప్పినట్టే విని, కుడికి తిరిగి, పక్కింటి కంచెలోకి నిమ్మళంగా నడిచి వెళ్ళింది.

గోడల మీద నవ్వులు. ఆడపడుచు కూడా పొట్ట పట్టుకుని నవ్వింది గానీ, వదిన మొహం చూసి టక్కున ఆపేసింది. డ్రైవరమ్మ బండి దిగి, ఎవరివైపూ చూడకుండా పోయి బట్టలుతికే బండ మీద కూర్చుంది. కంచె లోంచి బండిని తీయాలి కదా అని మొగుడే ఎక్కాడు. భయం భయంగా వెనక్కి తీసి, సందు చివరిదాకా తీసుకెళ్ళి, చక్కగా తిప్పుకుని వచ్చి, గుమ్మం ముందు ఆపాడు. దిగి తన చేతులు తనే చూసుకున్నాడు.

"నడిచిందే!" అన్నాడు ఆశ్చర్యంగా.

ఆ మాటతో డ్రైవరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నడవదు మరి? ఇప్పుడు పసిపిల్లలు కూడా నడుపుతారు. ఇంక నేనెందుకు? కంచెలు విరగ్గొట్టడానికా?"

ఆయన వచ్చి పక్కన బండ మీద కూర్చున్నాడు. గోళ్ళు గిల్లుకుంటూ అడిగాడు.

"కొండ మీద నీలిపూలు పూస్తాయని నీకు చెప్పానా ఎప్పుడైనా?"

"లేదు."

"పూస్తాయి. అక్కడి తేనె వాసనే వేరంటారు. మన ఈగల్ని ఒక్కసారైనా అక్కడ వదలాలని నాకు మొదటినుంచీ ఉంది. ఆ దారి మలుపులు తలుచుకుని నోరు మెదపలేదు. కప్పతో ఆ కొండంటే నీ ప్రాణం మీదకి తేవడమే కదా." ఆగి, సందు వైపు చూపించాడు. "నేను నడిపింది అంతవరకే. అదీ మొదటి గేరులో. కొండెక్కించడం నావల్ల అయ్యే పని కాదు."

ఆడపడుచు కూడా వచ్చి వదిన కాళ్ళ దగ్గర చతికిలబడింది. "నీ చేతులకి తెలిసినదాంట్లో సగం ఆ బండి రోగాల కోసం నేర్చుకున్నావు వదినా. ఆ సగం మర్చిపో. మిగతా సగం మా డిపోలో ఎవరికీ లేదు. నామీద ఒట్టు."

డ్రైవరమ్మ ముక్కు తుడుచుకుంది. "ముందు ఆ కంచె కట్టండి. పక్కింటావిడ అప్పుడే చీపురు పట్టుకుని బయటికొచ్చింది" అంది.

మర్చిపోవడం నేర్చుకోవడం కన్నా కష్టమైంది. ఖాళీ పెట్టెలు వేసుకుని మైదానంలో తిరిగేది. చేతులు కుడికి పోబోతే తనే "ఊఁ" అని గదమాయించుకునేది. మలుపుకి ముందే తిప్పబోయి, ఆగి, మలుపు వచ్చాక తిప్పి, బండి దానంతట అది ఒదిగి తిరిగితే నోరు తెరుచుకుని చూసేది. క్రమంగా చక్రాల కింద ఏముందో చేతులకి తెలియసాగింది. ఇక్కడ ఇసుక, ఇక్కడ గులక, ఇక్కడ నేల కాస్త వాలు. ఇదివరకు కప్ప చేసే గోలలో ఇవేవీ వినబడేవి కావు.

చివరికి ఒకరోజు తెల్లవారుతుండగా కొండకి బయల్దేరారు. పెట్టెలన్నీ నిండుగా, ఇరుసుకి ముందు పేర్చి, తాళ్ళు బిగించి ఉన్నాయి. మొగుడు మధ్యలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, ఆడపడుచు కిటికీ పక్కన. మొదటి మలుపు దాటారు. రెండోదాంట్లో మొగుడు ఒక కన్ను తెరిచాడు. సగం కొండెక్కాక, ఒక మలుపు చాటునుంచి కట్టెల లోడు బండి దారి మధ్యలో దిగుతూ ఎదురైంది. ఆడపడుచు చెయ్యి డాష్‌బోర్డుని పట్టుకుంది. డ్రైవరమ్మ బ్రేకు తొక్కింది. కప్ప ఎటూ లాగకుండా తల వంచి వేగం తగ్గించింది. ఆవిడ వేళ్ళతో రాసినట్టు స్టీరింగు కొండవైపుకి తిప్పి, లోడు బండిని పోనిచ్చి, మళ్ళీ దారిలోకి తెచ్చుకుంది. వెనక ఒక్క పెట్టె కూడా కదిలిన చప్పుడు లేదు.

"నువ్వు ఊపిరి పీల్చుకోవచ్చమ్మాయ్" అంది ఆవిడ, దారి మీదనుంచి చూపు తిప్పకుండా.

పైన వాలంతా నీలంగా ఉంది. పెట్టెలు దింపి, ఒక్కో తలుపూ తీశారు. డ్రైవరమ్మ అలవాటుగా తలుపులేసుకుని బండిలోనే ఉండిపోయింది. మొగుడు వలముసుగు వేసుకుని ఎదురుచూశాడు. ఈగలు ఒకటొకటిగా గడప మీదకి వచ్చాయి, మీసాలు దువ్వుకున్నాయి, గాలిలో చిన్న చుట్టు చుట్టి పూలలోకి పోయాయి. కాసేపు చూసి ఆయన ముసుగు తీసేశాడు. ఒక ఈగ ఆయన భుజం మీద వాలి, కాసేపు నడిచి, తన దారిన తాను పోయింది. ఆయన వెనక్కి తిరిగి పెళ్ళాన్ని చేత్తో పిలిచాడు. ఆవిడ దిగి, అన్నేళ్ళ కాపురంలో మొదటిసారి, తెరిచిన పెట్టె పక్కన నిలబడింది.

ఆడపడుచు సెలవు అయిపోయింది. డిపో దాకా తనే దింపుతానంది డ్రైవరమ్మ. ఊరు దాటేవరకు వదినా ఆడపడుచూ కంచె విషయం తలుచుకుని నవ్వుకున్నారు. ఆ తరవాత పక్కనుంచి జవాబులు తగ్గాయి. తిరిగి చూస్తే, సెలవంతా లారీ కింద గడిపిన ఆ పిల్ల, గోళ్ళలో ఇంకా గ్రీజు మరకలతో, తల కిటికీకి ఆనించి ఆదమరచి నిద్రపోతోంది. తల అద్దానికి కొట్టుకోవడం లేదు, ఉలిక్కిపడటం లేదు.

డిపో గేటు వచ్చింది. డ్యూటీకి ఇంకా సమయముంది. గేటు దగ్గర మనిషి లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. డ్రైవరమ్మ తల అడ్డంగా ఊపి, నవ్వి, గేటు ముందునుంచి బండి మెల్లగా పోనిచ్చి, పట్నం చుట్టూ ఇంకో చుట్టు తిప్పడానికి ఎడమవైపు మలుపు తీసుకుంది.