మెట్ల మీద నీళ్ళు

ఆ ఉదయం రూసె ఊరంతా డాన్యూబ్ నది మీంచి వచ్చిన మంచుపొగలో మునిగి ఉంది. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. పెళ్ళయి నెల కూడా కాలేదు. మా ఆయన కలోయాన్ నాకు తెలియకుండా నా కోటు జేబులో వేయించిన గుమ్మడి గింజలు పోసి పంపాడు. వాటిని కొరుక్కుంటూ, నాలో నేను నవ్వుకుంటూ, జోర్నిత్స వాళ్ళ అపార్ట్‌మెంటు కింద పచార్లు చేస్తున్నాను.

బడి మానేసి ఇంట్లో ముడుచుకుపోయిన పిల్లలతో మాట కలిపి, ఏదో ఒక పనిలో చేర్చడం నా ఉద్యోగం. చలికాలమంతా జోర్నిత్స నాతో తలుపు వెనకనుంచే మాట్లాడింది. ఇవాళ, కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులను బాగుచేసే డిపోలో ఆమెకు మొదటి రోజు. "ఏడింటికల్లా గేటు దగ్గర ఉండాలి. లేదంటే ఇంకొకర్ని పెట్టుకుంటా," అని రంగెల్ మేస్త్రి ముందే చెప్పేశాడు.

పైన తలుపు తెరుచుకుంది. మెట్ల మీద నీళ్ళు పడిన చప్పుడు. మనవరాలి పని నీళ్ళలా సాఫీగా సాగాలని స్తోయనా మామ్మ చెంబుతో పోసింది. ఆ వెనకే జోర్నిత్స అడుగులు. అంతలో మధ్య అంతస్తులో ఉండే గోచో బాబాయ్ గొంతు:

"మళ్ళీ నీళ్ళా! ఈసారైనా సాయంత్రం దాకా ఉంటావా, మధ్యాహ్నం భోజనానికే వచ్చేస్తావా?"

అడుగులు ఆగాయి. గబగబా పైకెళ్ళిపోయాయి. తలుపు ధడాలున పడింది.

నేను పరుగెత్తాను. లోపల గడియ. బయట ఖాళీ చెంబుతో మామ్మ.

"జోర్నిత్సా, బస్సు వెళ్ళిపోతుందే!"

"పోనీ అక్కా. నేను బేకరీ పనికి వెళ్ళిన రోజూ మామ్మ నీళ్ళు పోసింది, కుట్టుపనికి వెళ్ళిన రోజూ పోసింది. తిరిగొస్తే అందరూ ఆ తడినే చూస్తారు."

"నా పెళ్ళిలో, శుభం జరుగుతుందని నీళ్ళబిందెను తన్నమంటే ఎంత గట్టిగా తన్నానో తెలుసా? నీళ్ళన్నీ మా మామగారి కొత్త బూట్లలోకి! ఊరంతా నవ్వింది. అయినా కాపురం బానే ఉంది కదా!"

లోపల చిన్న నవ్వు. కానీ గడియ కదల్లేదు.

"మామ్మా, ఆ మెట్లు తుడిచెయ్యి," అన్నాను.

మామ్మ నన్ను కొట్టేలా చూసింది. "పోసిన నీళ్ళు తుడుస్తారా ఎవరైనా? దాని అదృష్టాన్ని నా చేత్తో నేనే తుడవనా?"

నేను గడియారం చూశాను. తలుపు చూశాను.

మామ్మే చెంబు పక్కన పెట్టింది. మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చుని, కట్టుకున్న ఏప్రన్ విప్పి, ఒక్కో మెట్టే తుడుచుకుంటూ దిగింది. గోచో బాబాయ్ చెప్పులు కనిపించగానే, "కాలు తియ్యి. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు, నేను మెట్లు కడుక్కుంటున్నా!" అని కసిరింది.

గడియ తీసిన చప్పుడు. జోర్నిత్స బయటికొచ్చి, మెట్లు దిగి, వంగి ఉన్న మామ్మ వీపు మీద ఒక్కసారి చెయ్యి వేసి ముందుకు సాగిపోయింది. నేను వెనకాల పరుగు.

మేమెక్కిన ట్రాలీబస్సు దారిలో రెండుసార్లు మొరాయించింది. గేటు దగ్గర రంగెల్ మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏడు దాటింది."

నేను నోరు తెరిచేలోపే జోర్నిత్స అంది: "మీ బస్సే ఆగిపోయింది మేస్త్రిగారూ. నేనేం చెయ్యను?"

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూసి, జేబులోంచి చేతితొడుగులు తీసి విసిరాడు.

"అయితే రా. ముందు దాని సంగతే చూద్దాం."

ఆఫీసుకొచ్చానే గానీ కుర్చీలో కూర్చోలేకపోయాను. కాసేపటికి మామ్మ ఫోను.

"జోర్నిత్స నీ దగ్గరికి వచ్చేసిందా అమ్మాయీ?"

"లేదు మామ్మా."

భోజనాల వేళ మళ్ళీ.

"నీ దగ్గరికీ రాలేదా? ఇంటికీ రాలేదు."

"ఇక్కడికీ రాలేదు!" నేను ఎగిరినంత పని చేశాను.

"రాలేదంటే రాలేదు!" అంది మామ్మ. అవతల ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "సరే పెట్టేయ్. గోచో మెట్ల మీదే ఉన్నాడు, వెళ్ళి చెప్పి రావాలి."