మొదటి పేజీ

"పద్దూ, కొత్తపిల్లకి ఇల్లు చూపించే. రేపట్నించి తనూ పన్లో పడాల గదా," అంది సన్యాసమ్మ తమలపాకు మడుచుకుంటూ. ఆవిడ చిన్నకోడలు సూర్యకాంతం టాటానగర్‌లోని ఆ గోల్‌మురి క్వార్టర్లో అడుగుపెట్టింది నిన్ననే. గోడవారగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏది ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు కూర్చుంది.

ఆ కూర్చోవడం పెద్దకోడలు పద్మకుమారికి బాగా తెలుసు. ఆఫీసులో రోజూ చూస్తోంది. ఫ్యాక్టరీ స్టోర్సు లెక్కలన్నీ కంప్యూటరుకెక్కాయి గానీ, దాంతో వచ్చిన లావుపాటి మాన్యువల్లో కమాండ్లన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. కమాండు పేరే తెలియని కొత్తవాళ్లు ఎక్కడని వెతుకుతారు? వాళ్లకు పనికొచ్చేలా తిరగరాయమని ఆఫీసరు నీలకంఠం ఆమెకు అప్పగించాడు. జీతం పెరగలేదు, పని పెరిగింది. అది ఆమెకు కొత్తేమీ కాదు. ఏ పని తర్వాత ఏ పని వస్తుందో ఆ వరసలో పేజీలు సర్దింది. అయినా కొత్తగా చేరినవాళ్లు మీట నొక్కడానికి జంకుతూనే ఉన్నారు. ఎందుకని అడిగితే ఒకమ్మాయి మెల్లగా, "గలత్ దబ్ గయా తో, దీదీ?" అంది, తప్పు మీట నొక్కుకుంటే ఏమవుతుందోనని. పద్మకుమారి చివరి పేజీ తీసి మొదట పెట్టింది. చేస్తున్న పని చెడకుండా బయటికి రావడం ఎలాగో చెప్పే పేజీ అది.

నీలకంఠం నవ్వాడు. "దుకాణం తెరవకముందే షట్టరు దించడం నేర్పుతావేటమ్మా?"

"బయటికి దారి తెలిస్తేనే సార్, ధైర్యంగా లోపలికొస్తారు," అంది. అన్నాక ఆ మాట తనకే తగిలింది.

తనకెవరు చెప్పారు? పెళ్లై వచ్చిన రోజు అత్తగారు పొయ్యి చూపించింది, కుళాయి వచ్చే వేళ చెప్పింది, మామగారి మందులు చూపించింది. పప్పు డబ్బా దొరక్క తడుముకుంటుంటే, "కళ్లు పుట్టింట్లో వదిలీసి వచ్చీసావేటే?" అంది చుట్టాల ముందే. ఇప్పుడు ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో ఆమెకే తెలుసు. భర్త గణపతిరావు బనీను కూడా ఆమెనడిగే తొడుక్కుంటాడు. "మా ఆవిడ లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు," అని పదిమందిలో మురిసిపోతాడు. అతను టాటానగర్ స్టేషన్లో గూడ్సు గార్డు. ఆ స్టేషనుకు ఇంటినుంచి ఎలా వెళ్లాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు. "నేనున్నాను గదా, నీకెందుకు?" అనేవాడు. నాన్న పోయాడని టెలిగ్రాం వచ్చినప్పుడు అతను డ్యూటీలో ఉన్నాడు. అప్పటికామెకు ఉద్యోగం లేదు. బస్సేదో తెలియక, బండేదో తెలియక, చీర మార్చుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది, అతను వచ్చేదాకా. కడసారి చూపు దక్కలేదు. ఆ గుమ్మమంటే ఆమెకు ఇప్పటికీ కోపమే.

తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, పద్మకుమారి సూర్యకాంతాన్ని లేపింది. వంటింటి ముందునుంచి దాటించి, నేరుగా వీధి గేటు దగ్గరికి తీసుకెళ్లింది.

"అదిగో, ఆ మలుపు దగ్గిర స్టేషనుకెళ్లే మినీబస్సు ఆగుతాది. ఖరగ్‌పూర్‌లో బండి మారితే మీ ఆమదాలవలస. గేటు తాళం ఈ మేకుకుంటాది. ఎవుల్నీ అడగక్కర్లేదు."

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి వీధికేసి చూసింది.

లోపల్నుంచి సన్యాసమ్మ కేకేసింది. "ఏటే, అటెక్కడికి? వంటిల్లు ఇటేపు గదా!"

పద్మకుమారి వెనక్కి తిరగలేదు. "ముందు ఇది చూపిత్తన్నానత్తా. వంటిల్లెక్కడికీ పోదు."