ముందు ఎడమ చక్రం

సాయవ్వ రేడియేటరు మూత మీద పాత గుడ్డ వేసి తిప్పింది. రాత్రంతా నిలిచి ఉన్న బండి, గుడ్డతో పని లేదు. కానీ వేడి మీద మూత తీస్తే ముఖం కాలిపోతుందని మెకానిక్ గులాం ఎప్పుడో చెప్పిన నాటి నుంచి, చల్లటి బండి అయినా గుడ్డ లేకుండా ఆమె చెయ్యి ముందుకు పోదు. లోపల వేలు పెట్టి చూసింది. తడి తగిలింది. అయినా చెంబెడు నీళ్లు పోసింది. పొంగి కిందికి కారాక మూత బిగించింది. బిగిసిందో లేదోనని మళ్లీ విప్పి బిగించింది.

తరువాత టైర్లు. చూలు బర్రె పొట్ట తడిమినట్టు ఒక్కొక్కదాన్నీ రెండు అరచేతులతో నొక్కింది. ఆపైన మోకాళ్ల మీద వంగి, బండి కింద దుమ్ములో తడి మరకలేమైనా ఉన్నాయా అని చూసింది. బ్రేకు నూనె కారితే కింద మరక పడుతుందని కూడా గులామే చెప్పాడు. మరక లేదు. లేచేటప్పుడు నడుము పట్టేసింది. బీడీలు చుట్టే చాట ముందు వంగి వంగి ఆ నడుము ఎప్పుడో వంకర తిరిగింది. నిటారుగా నిలబడితే ఎవరో వెనక నుంచి నెట్టినట్టుంటుంది ఆమెకు.

తెల్ల అంబాసిడర్ సేటుది. దాన్ని నడిపేది ఆమె కొడుకు రామ్‌దాస్. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీకి వచ్చే పెద్దమనుషులను, రుద్రూరు వ్యవసాయ ఫారానికి వచ్చే ఆఫీసర్లను తిప్పుతాడు. ఇప్పుడింకా లోపల ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. వాడు లేవకముందే సాయవ్వకు ఒక పని ఉంది.

కొత్త బ్రేకు లైనర్లు వేసినప్పటి నుంచి ముందు ఎడమ చక్రం బ్రేకు కొట్టినప్పుడల్లా ఏడుస్తున్నది. సన్నగా, సాగదీసి, పళ్లు జివ్వుమనేటట్టు. “కొత్తవి గద, రాసుకునేదాంక ఏడుస్తయి. పిల్లలు బడికి పోయినట్టే. నాల్గు దినాలు పోతే అవే ఊకుంటయి” అన్నాడు గులాం. అందరూ ఆ మాట నమ్మారు. సాయవ్వ కూడా పగలు నమ్మింది. రాత్రి పడుకుంటే ఆ ఏడుపు చెవిలోకి వచ్చేది.

ఆమె మొగుడు లింబయ్య చెరకు బండి తోలేవాడు. ఆఖరు రోజుల్లో ఆ బండి ఇట్లాగే ఏడ్చింది. వాకిట్లో బండి ఆగకముందే, ఊరి మొగదల నుంచే ఆ కేక వినిపించేది. “ఇరుసు ఎండింది, కందెన పెట్టు” అన్నది సాయవ్వ. “రేపు పెడత తియ్యి” అన్నాడు. ఆ రేపు ఫ్యాక్టరీ వరసలో తన బండి ముందుకు పోతుందని తెల్లవారకముందే తోలుకుపోయాడు. కాలువ వంతెన దిగే దగ్గర ఇరుసు విరిగింది. చెరకంతా మీద పడింది. రామ్‌దాస్ అప్పుడు చంకలో పిల్లవాడు.

అందుకే ఏడ్చే చక్రాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి చక్రం మీది గుండ్రటి కప్పు ఊడబెరికింది. లోపల చిన్న తొర్ర. బ్రేకు బిగించేటప్పుడు గులాం అందులోకి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పడం ఆమె చాలాసార్లు చూసింది. బీడీలకు వాడే తునికాకు ఒకటి తీసి, బీడీ కంటే లావుగా చుట్టి, ఆ గొట్టాన్ని తొర్రలో పెట్టింది. ఇంట్లోంచి తెచ్చిన గిన్నెలోని ఆముదం సన్నటి ధారగా పోసింది. నూనె లోపలికి దిగుతుంటే ఆమె భుజాలు కూడా కాస్త దిగాయి.

“ఏం జేస్తున్నవే అవ్వా?” రామ్‌దాస్ గడపలో నిలబడి ఆవులిస్తున్నాడు.

“కప్పు వదులైంది బిడ్డా. కొడుతున్న.”

“గులాం ఉస్తాద్ మా పైసలు తినేది సాలదని నువ్వు గూడ షెడ్డు పెడ్తున్నవా ఏంది?”

వాడు చాయ తాగి బండి తీశాడు. రుద్రూరు నుంచి ఆఫీసర్లను తేవాలట. సందు చివర గేదె అడ్డం వస్తే బ్రేకు కొట్టాడు. సాయవ్వ చెవి పెట్టి విన్నది. చప్పుడు లేదు.

ఆ పొద్దంతా ఆమె చేతులు తేలిగ్గా ఆడాయి. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. ఎడమ చూపుడువేలి చర్మం చెప్పుతోలులా మొద్దుబారింది, కుడి బొటనవేలి గోరు నల్లబడి సగమే మిగిలింది. ఈ రెండు వేళ్లతోనే కొడుకునూ బిడ్డనూ పెంచింది. బిడ్డ పేరు గోదావరి, పెళ్లయి మోస్రాలో ఉంటుంది. కాన్పయినప్పుడు రమ్మన్నది, పిల్లకు పళ్లు వచ్చినప్పుడు రమ్మన్నది. సాయవ్వ పోలేదు. తాను లేని పూట బండికి ఎవరు నీళ్లు చూస్తారు?

ఎండెక్కాక చాట నెత్తిన పెట్టుకుని రుద్రూరు రోడ్డు మొదట్లో ఉన్న గులాం షెడ్డుకు పోయింది. రోజూ పోతుంది. రోడ్డు మీద ఎక్కడ ఏ బండికి ఏం జరిగినా ముందు ముచ్చట వచ్చేది అక్కడికే. ఆ ముచ్చట రాని రోజు ఆమెకు మంచిరోజు.

గులాం మెహందీ గడ్డం నిండా నల్లమరకలతో ఒక జీపు కిందినుంచి బయటికి జరిగాడు. “వచ్చింది మా ఇనస్పెక్టరు” అన్నాడు. “ఇయ్యాల ఎవల బండికి వంక పెడ్తవు సాయవ్వా?”

“రోడ్డు మీదికెళ్లి ఏమన్న ముచ్చట వచ్చిందా భాయ్?”

“వచ్చింది. చెరుకు బండ్లు వచ్చినయి, ఎడ్లు పెండ ఏసినయి. గంతే.”

ఆమె గోడ నీడలో కూర్చుని చాట ఒళ్లోకి లాక్కుంది. రెండు బీడీలు చుట్టి, ఇక ఆగలేక చెప్పింది. “ఆ ఎడమ చక్రం ఏడుపు బంద్ చేసిన. నువ్వు నాల్గు దినాలంటివి. నేను ఒక్క గడియల చేసిన.”

“ఏం జేసినవ్?” గులాం నవ్వుతూనే అడిగాడు.

“ఆముదం పోసిన. నువ్వు తిప్పే తొర్ర లేదా, అండ్లకెళ్లి.”

గులాం చేతిలో పానా అట్లాగే ఉండిపోయింది. “ఎంత?”

“అరగిన్నె. ఎక్కువ పొయ్యలే.”

అతను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. కోపం లేదు ముఖంలో. అది చూసే ఆమె చేతిలోని బీడీ చాటలో పడేసింది. “ఇరుసుకు నూనె గావాలె సాయవ్వా. బ్రేకుకు నూనె తాకొద్దు. పొడిగ ఉంటేనే అది చక్రాన్ని పడుతది. నూనె తాగితే జారుతది. ఒక చక్రం పట్టి ఒకటి పట్టకుంటే బండి అడ్డం గుంజుతది.”

“ఎటు గుంజుతది?”

గులాం లేచాడు. రోడ్డు మీదికి పోయి రుద్రూరు వైపు నుంచి వచ్చే లారీని చెయ్యెత్తి ఆపాడు. డ్రైవరు తల బయటపెట్టి చెప్పిన మాట ఆమెకూ వినబడింది. “కాలువ వంతెన కాడ తెల్లకారు నిలవడ్డది. బండ్లోళ్లు గుమిగూడిండ్రు. ఏమైందో నేను దిగి సూడలే.”

గులాం సైకిలు తీసుకుని పోయాడు.

సాయవ్వ ఒక ఆకు తీసింది. చుడితే చిరిగింది. ఇంకొకటి తీసింది. అదీ చిరిగింది. మొగుడు పోయిన నాడు ఎవరు వచ్చి చెప్పారో ఇప్పుడు ఆమెకు గుర్తు రాలేదు. చెప్పినవాడి కాళ్లకు అంటిన బురద మాత్రం గుర్తుంది. రోడ్డు మీద ఎవరు కనబడినా ముందు వాళ్ల కాళ్ల వైపు చూసింది. ఎండ గోడ మీదినుంచి జరిగి ఆమె ఒళ్లోకి వచ్చింది. జరిగి కూర్చోవాలని కూడా తోచలేదు.

చివరకు కారు వచ్చింది, ఎడ్లబండి కంటే మెల్లగా. వెనక డిక్కీలో గులాం సైకిలు చక్రం పైకి లేచి ఉంది. రామ్‌దాస్ దిగాడు. ఆమె వాడి నుదురు చూసింది, చేతులు చూసింది, కాళ్లు చూసింది. బానెట్ మీద ఎద్దు చొంగ ఎండి తెల్లటి చార కట్టింది.

“ఆఫీసర్లను దింపి ఒక్కన్నే వస్తున్న. వంతెన దిగుతుంటే బ్రేకు కొట్టిన” అన్నాడు వాడు, ఎవరి ముఖమూ చూడకుండా. “కుడిదిక్కు గుంజింది. ఎదురుంగ చెరుకు బండి. ఎద్దు కొమ్ము అద్దానికి తాకిందంటే తాకినట్టే. హ్యాండుబ్రేకు గుంజిన గాబట్టి నిలవడ్డది.”

గులాం జాకీ ఎత్తి చక్రం విప్పాడు. డ్రమ్ము ఊడదీసి లోపలి రెండు లైనర్లు బయటికి తీశాడు. జిగటగా మెరుస్తున్నాయి. కాలిన ఆముదం వాసన షెడ్డంతా నిండింది.

“హబ్బు సీలు పోయింది” అన్నాడు గులాం, తల ఎత్తకుండా. “అండ్లకెళ్లి గ్రీజు లైనర్ల మీదికి కారింది.”

రామ్‌దాస్ ఒక లైనరు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చంటినాటి నుంచి వాడి తలకు అంటిన వాసనే అది. ఒకసారి తల్లి వైపు చూశాడు. “అయితే కొత్త సీలు ఎయ్యి ఉస్తాద్” అన్నాడు. లైనరును మెల్లగా కింద పెట్టాడు.

తిట్టినా బాగుండేది అనుకుంది సాయవ్వ. ఇద్దరు మగవాళ్లు తన కోసం అబద్ధమాడి, దాన్ని కాపలా కాస్తున్నట్టు తలలు వంచుకుని పని చేస్తున్నారు. రేపు తెల్లవారితే తన చేతులు మళ్లీ ఆ మూత విప్పుతాయి, టైర్లు తడుముతాయి. ఏదో ఒక చప్పుడు వినబడుతుంది. ఆ చేతులను ఆపడం తన వల్ల కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

“గోదావరి రమ్మంటున్నది గద” అన్నది. “పోత.”

“ఇప్పుడా? పొద్దుగూకుతుంది. రేపు నేనే దింపుత.”

“వద్దు. బస్సున్నది.”

వాడు చేతుల జిగట గుడ్డకు తుడుచుకున్నాడు. “పో అవ్వా. పిల్లతోని నాల్గొద్దులు ఉండి రా” అన్నాడు. వాడి గొంతు ఏదో బరువు దించుకున్నట్టు వినబడింది. అందులో వాడి తప్పేమీ లేదు.

“గోదావరి కాడ గూడ తునికాకు దొరుకుతది” అన్నది సాయవ్వ. “నేను ఆన్నే ఉంట రాందాసూ.”

వాడు కాదనలేదు. తిరిగి రమ్మని రెండోసారి అనలేదు.

ఇంటికి పోయి రెండు చీరలు మూట కట్టుకుని వచ్చింది. వర్ణి మీదుగా మోస్రా పోయే బస్సు షెడ్డు ముందే ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి, “పొద్దున నీళ్లు...” అని మొదలుపెట్టి ఆపేసింది. ఎక్కేముందు ఆమె ఆ బస్సు టైర్ల వైపు చూడలేదు. లోపల కిటికీ పక్కన కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, వెళ్లిపోయింది.

గులాం కొత్త లైనర్లు బిగించాడు. తీసేసిన పాత ముక్కను బండి వాళ్ల చేతికి ఇవ్వనిదే అతను బండి వదలడు. ఆ రోజు ఇవ్వలేదు, రామ్‌దాస్ అడగలేదు. ఆముదం తాగిన ఆ రెండు లైనర్లూ గోడ వారన గోనె సంచి మీదే ఉన్నాయి, రోడ్డు మీద చెరకు బండ్లు పోయినప్పుడల్లా లేచే దుమ్మును కొంచెం కొంచెంగా పట్టుకుంటూ.