పిలి చెట్టు కింద సీసా

తుఫాను దాటిపోయిన అయిదో రోజుకి మకారియో చేతిలోని కాగితంలో ఒక్క పేరే మిగిలింది. గ్రామ కెప్టెన్ రాసిచ్చిన వరసలో నిజానికి ఆ పేరు మూడోది. మకారియో దాన్ని దాటేసి నాలుగో ఇంటి మీద పడ్డ చెట్టు కోశాడు, అయిదోది కోశాడు, బడి దారికి అడ్డం పడ్డ మామిడి కోశాడు, పందుల కొట్టం మీద వాలిన కొబ్బరి మట్టల్ని కూడా రంపం మిషన్ పెట్టి కోశాడు. ఇక కటండువానెస్ దీవిలో ఆ మూల కోయడానికి ఏమీ మిగల్లేదు, అక్క ఇల్లు తప్ప.

"ఇంకా ఎంత సాగదీస్తావు మనోయ్?" అన్నాడు బెర్నబే మోకులు భుజాన వేసుకుంటూ. చిన్నవాడు పెద్దవాణ్ణి అక్కడ అలాగే పిలుస్తాడు. పదిహేనేళ్ళుగా మకారియో పక్కన తాళ్ళు లాగుతున్నాడు గానీ నోరు మూసుకుని లాగడం మాత్రం నేర్చుకోలేదు. "ఎల్లుండి ఇంకో వాన ఉందని రేడియోలో చెప్పారు. ఆ ముసలావిడ వంటింటి నెత్తిన చెట్టు పెట్టుకుని కూచుంది."

"ముసలావిడ ఏంట్రా. యాభై ఏడే."

"ఓహో, వయసు గుర్తుందే!"

మకారియో మిషన్‌లో పెట్రోలు పోశాడు. కొంత నేల మీద పోసుకున్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట లేతే దీవిని తుఫాను ఊడ్చేసినప్పుడు రంపం మిషను ఉన్న ప్రతివాణ్ణీ పడవలెక్కించి తీసుకుపోయారు, రోడ్లు తెరవడానికి. అతను అక్కడుండగానే ఇక్కడ అమ్మ పోయింది. ఆ కబురు చేరడానికే పన్నెండు రోజులు పట్టింది. ఫోన్లు లేవు, పడవలు తిరగడం లేదు. వచ్చి గుమ్మంలో నిలబడితే అక్క యూఫేమియా లోపలికి రమ్మనలేదు. "ఊళ్ళోవాళ్ళ చెట్లన్నీ ఎత్తావు. అమ్మ శవపెట్టె ఎత్తడానికి నీ భుజం దొరకలేదు," అంది. ఆవిడ బడిపంతులమ్మ, మాటని చెక్కి మరీ విసురుతుంది. నాలుగో తరగతితో బడి మానేసినవాడికి తిరుగుమాట తోచేసరికి ఏడాది పట్టింది. అప్పటికి ఇద్దరి మధ్యా మాటల్లేవు. సంతలో ఎదురుపడితే ఆవిడ చేపల వైపు చూసేది, అతను కూరగాయల వైపు.

పెరట్లోకి అడుగుపెట్టగానే మకారియో కాళ్ళు ఆగిపోయాయి. పడింది ఆ చెట్టేనని కాగితంలో రాయలేదు మరి. కాగితంలో 'చెట్టు, వంటిల్లు' అని ఉంది, అంతే. కెప్టెన్‌కి సార్డిన్ డబ్బాలు పంచుతూ ఫోటో దిగడానికి ఉన్నంత తీరిక రాయడానికి ఎక్కడుంటుంది?

బాదంలాంటి గింజలు కాసే పిలి చెట్టది. కొబ్బరులన్నీ విరిగినా పిలి నిలబడుతుందని గింజలు ఏరుకునే ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఈసారి అదే కూలింది. వేళ్ళతో సహా లేచి, మనిషికి రెండింతల మట్టి గోడలా నిలబడి ఉంది. దాని కింద గొయ్యి. కొమ్మలన్నీ వంటింటి రేకుల్లో దిగబడ్డాయి.

ఆ చెట్టు కింద ఒక సీసా ఉండాలి. బిడ్డకి ఊడిపడిన బొడ్డుతాడుని ఎండబెట్టి దాచడం ఇక్కడి తల్లుల పద్ధతి. తోబుట్టువులవి ఒకేచోట ఉంచితే వాళ్ళు పోట్లాడుకోరని నమ్ముతారు. చదువు రావాలని పక్కనే పెన్సిల్ కూడా పెడతారు. అమ్మ వాళ్ళిద్దరివీ మందు సీసాలో పెట్టి, మూతికి కొవ్వొత్తి మైనం పోసి, పిలి మొక్క మొదట్లో పాతింది. "పెన్సిల్ నాకే పెట్టింది. నీకు పెట్టడం మర్చిపోయింది, అందుకే నీకు లెక్కలు రావు," అని చిన్నప్పుడు అక్క ఏడిపించేది. మకారియో నాలుక బయటపెట్టి పారిపోయేవాడు. కానీ నమ్మాడు. యాభై ఒక్క ఏళ్ళు వచ్చినా ఆ నమ్మకం పోలేదు.

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. మిషన్ తాడు లాగే ముందు ఇంట్లోవాళ్ళందరినీ పేరుపేరునా కేకేసి పిలవాలి. ప్రతివాళ్ళూ పలికాకే తాడు లాగాలి. చెట్టులో ఉంటారనుకునే కనబడని పెద్దలకు కూడా, పక్కకి తప్పుకోండయ్యా అని ఒక మాట చెప్పాలి. మకారియో ఆ పెద్దలకి చెప్పాడు. అక్క పేరు పిలవడానికి మాత్రం నోరు రాలేదు. తలుపు వేసి ఉంది, బడికి పోయుంటుందిలే అనుకున్నాడు. పైకప్పెక్కి మిషన్ తాడు లాగాడు.

అయిదు పెద్ద కొమ్మలు కోశాడు. ఆరోది తెగి పెరట్లో పడగానే కాళ్ళ కింద మాను కదిలింది. మొదట్లో కిర్రుమంది. తల బరువు తగ్గితే పడిన చెట్టు లేవాలని చూస్తుంది. మొదలు వెనక్కి లాగుతుంది, వేళ్ళ గోడ మళ్ళీ తన గోతిలో కూచోవాలని చూస్తుంది. అది తెలిసిన పనివాడే అతను.

"మనోయ్! ఆపు! గోతిలో మనిషి!" బెర్నబే గొంతు చీలిపోయింది.

మకారియో కప్పు మీంచి ఎలా దూకాడో అతనికే తెలీదు. గోతిలో మోకాళ్ళ లోతు బురదలో యూఫేమియా, చేతిలో గరిట. నెత్తి మీద అంత మట్టి గోడ ఒక జానెడు కిందికి వాలి ఆగింది. గోతిలోకి మట్టి జలజలా రాలుతోంది.

"మనాయ్! బయటికి రా!"

తొమ్మిదేళ్ళ తర్వాత అక్కా అని పిలిచిన మొదటి పిలుపు అది, ఇలా గావుకేకలా వచ్చింది.

"రాను."

"పిచ్చా నీకు? ఇది మూసుకుంటుంది!"

"అందుకే రాను. నువ్వు మాను కోసేస్తే ఇది మూసుకుపోతుంది, ఇక తియ్యడానికుండదు. మూణ్ణాళ్ళుగా తవ్వుతున్నా. సీసా దొరకలేదు."

"గరిటతోనా?"

"పార నువ్వు పట్టుకుపోయావు. తొమ్మిదేళ్ళయింది. తిరిగిచ్చావా?"

బెర్నబే మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వు దాచుకోవడానికి. ఆ సమయంలో కూడా.

మకారియో వంగి రెండు చేతులూ చాపాడు. "నువ్వు రా. నేను దిగుతా."

"నువ్వే చెప్పేవాడివిగా, గోతిలో ఎవరూ దిగకూడదని. అన్సెల్మో మావయ్య అలాగే పోయాడని."

"చెప్పాను. రా."

ఆవిడ ఆ చేతుల్ని కాసేపు చూసి పట్టుకుంది. బురదలో ఒక చెప్పు వదిలేసి వచ్చింది. మకారియో అనుకున్నదానికంటే చాలా తేలిగ్గా ఉంది.

వేళ్ళ గోడ పై అంచుకి గొలుసు చుట్టి, చెట్టు పడిన వైపున్న కొబ్బరి మొద్దుకి కప్పీతో బిగించారు. కొబ్బరి దుంగలు నాలుగు కోసి గోడ కింద ఊతంగా నిలబెట్టారు. అయినా అది నమ్మదగ్గ పని కాదు. బెర్నబే గొలుసు మీద చెయ్యి వేసి కూచుని, "నువ్వు పోతే ఈ మిషన్ నాదే, చెప్తున్నా," అన్నాడు. గొలుసుని మాత్రం రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

మకారియో దిగాడు. అక్క తవ్వింది గోతి నడిమధ్యలో. చెట్టు యాభై ఏళ్ళలో పెరుగుతూ పెరుగుతూ సీసాని ఎక్కడికి నెట్టుంటుందో ఆవిడకేం తెలుసు, అది పుస్తకాల్లో ఉండదు. అతను గోతిని వదిలి పైకి, వేళ్ళ గోడలోకి చూశాడు. బొటనవేలంత వేళ్ళు రెండు పెనవేసుకున్న చోట మట్టిని చేతివేళ్ళతో గీకాడు. గాజు తగిలింది. చెట్టు వేళ్ళు సీసాని పట్టుకుని ఉన్నాయి. కత్తి పెట్టకుండా, ఒక్కో వేరునీ వంచి, పసిబిడ్డ పిడికిలి విప్పినట్టు విప్పాడు.

పైకొచ్చాక చొక్కా అంచుతో తుడిచాడు. మైనం చెక్కుచెదరలేదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి వెలుగుకి ఎత్తి చూశారు. నల్లగా ముడుచుకున్న రెండు చిన్న ముక్కలు, వాటిని కలిపి కట్టిన ఎర్ర దారం. వాటి పక్కన ఒక పెన్సిల్, కత్తితో సరిగ్గా నడిమికి నరికినది. రెండు ముక్కలకీ మొన చెక్కి ఉంది.

మకారియో సీసాని తిప్పి రెండు మొనల్నీ మళ్ళీ చూశాడు.

"నాకు పెట్టలేదన్నావు," అన్నాడు చివరికి.

"నాకేం తెలుసురా? పన్నెండేళ్ళదాన్ని. నోటికొచ్చింది అన్నా." ఆవిడ సీసా మీది బురదని బొటనవేలితో తుడుస్తూనే ఉంది. "నువ్వు నమ్మావా ఏంటి?"

"లేదు," అన్నాడు. తర్వాత, "నమ్మాను," అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకోబోతే చేతి బురద చెంపకి అంటింది.

"కబురు చేరడానికే పన్నెండు రోజులు పట్టింది మనాయ్. ఈదుకుంటూ అయినా వచ్చేవాణ్ణి."

"తెలుసు. ఆ మరుసటి నెలలోనే పడవవాడు చెప్పాడు." ఆవిడ నేల చూసింది. "పిల్లల తప్పులు రోజూ దిద్దుతాను. నాది దిద్దుకోవడం రాలేదు. సంతలో నువ్వు కనిపించినప్పుడల్లా ఇవాళ పిలుద్దాం అనుకునేదాన్ని. నువ్వేమో వంకాయల్ని చూసేవాడివి."

"నువ్వు చేపల్ని చూసేదానివి."

"నేను కొనడానికి చూశా."

బెర్నబే గట్టిగా దగ్గాడు. "గొలుసు నా చేతిలో ఉందండీ. ఏడుపు తొందరగా ముగిస్తే బావుంటుంది."

సీసాని ఇంట్లో దాచుకుందామా అని మకారియో అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతనే మళ్ళీ దిగి, గోతి అడుగున, అమ్మ పెట్టినంత లోతున పెట్టి, మట్టి కప్పి, ఆవిడ చెప్పు తీసుకుని పైకొచ్చాడు. గొలుసు విప్పారు, ఊతాలు లాగేశారు. మనిషెత్తు మోడు మిగిలేలా మాను మీద గీత పెట్టాడు. పిలి మోడు చిగురిస్తుంది, వానలు పడితే.

మిషన్ చేతిలోకి తీసుకుని ఆగాడు.

"బెర్నబే!"

"ఇక్కడే, కొబ్బరి మొద్దు దగ్గర!"

గొంతు సవరించుకున్నాడు. "యూఫేమియా!"

పక్కింటి అరుగు మీంచి, బడిలో పిల్లలు పలికినట్టే, చెయ్యెత్తి మరీ పలికింది. "ఉన్నాను!"

తాడు లాగాడు. పళ్ళు మానులోకి దిగాయి, పచ్చి చెక్క వాసన పెరడంతా కమ్ముకుంది. చివరి నారలు పటపటా తెగాయి. మాను ఇంటి వైపు నేలకి ఆనుకుంది. ఇటు మోడు మెల్లిగా, బద్ధకంగా, మంచం మీంచి లేచే మనిషిలా లేచి, తన గోతిలో ధబ్బున కూచుని, నిటారుగా నిలబడింది. నేల అదిరింది. గోతి కనబడలేదు.

రంపపు పొట్టులో, పొగలో మకారియో కనిపించక యూఫేమియా అరుగు దిగి నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"మకారియో!"

మిషన్ ఆపేశాడు.

"ఉన్నాను మనాయ్."

"అయితే చేతులు కడుక్కో. వంటిల్లు లేదుగా, అన్నం పక్కింట్లోనే వండాను. ఆ పార కూడా రేపు పట్టుకురా."