రెండు గంటల మోకాలు

పద్దెనిమిదోసారి సాధన మోకాలి కింద చుట్టిపెట్టిన తువ్వాలును పరుపులోకి అదిమి, ఐదు లెక్కపెట్టి వదిలింది. తొడ కండరం మొదట వణికి, తర్వాత గట్టిపడింది. ఇరవై అయ్యాక కాలు మార్చింది. పదకొండు నెలలుగా ఆమెకు తెల్లవారడమంటే ఇదే. తను లేవకముందే మోకాళ్ళను లేపాలి.

మంచం ఆమెకు చాలదు. ఆరడుగుల మనిషి పాదాలు అంచు దాటి గాలిలో ఉంటాయి. కుడి మోకాలి మీద ఒక కుట్ల గీత, ఎడమ మోకాలి మీద రెండు. నిన్న మొదలైన వాపుతో ఆ రెండు గీతల మధ్య చర్మం ఈ పొద్దున ఉబ్బి నిగనిగలాడుతోంది.

తల్లి అన్నమ్మ చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, అరచెయ్యి ఆ ఉబ్బు మీద ఆనించింది. ముప్పై ఏళ్ళు దవాఖానలో ఆయాగా చేసిన చెయ్యి అది.

"పెనం తీరు కాలుతున్నది గదనే. ఇయ్యాల పోకుంటే ఏమైతది?"

"పదకొండు నెలల సంది ఇయ్యాలటి కోసమే గదనే అమ్మా."

"మరి మీ సారుకన్న చెప్పు, ఉబ్బిందని."

సాధన చాయ్ తాగింది.

ఇవాళ పది గంటలకు ఆమె పనిచేసే డిపార్ట్‌మెంట్ బాస్కెట్‌బాల్ జట్టు ఎంపిక. వచ్చే నెల ఆలిండియా టోర్నమెంటుకు పన్నెండు మందిని తీసుకుంటారు. సాధనకు ముప్పై మూడేళ్ళు. ఆడినందుకే ఇచ్చిన ఉద్యోగం ఆమెది. కానీ పన్నెండేళ్ళ సర్వీసులో నిజంగా ఆడింది మూడు సీజన్లు. ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో ఎడమ మోకాలు పోయింది. ఇరవై ఆరో ఏట మళ్ళీ అదే మోకాలు. పోయినేడు ఒక ప్రైవేటు లీగులో, పేరు మైకులో చదివి పిలుస్తుంటే పరుగెత్తుకుంటూ కోర్టులోకి వెళ్ళిన రెండో రోజునే కుడి మోకాలు. మిగిలిన కాలమంతా టపా సెక్షన్లో కవర్లకు ముద్రలు వేస్తూ, చంక కింద కర్రలతో గడిచింది. "ముప్పై మూడేళ్ళ మనిషిలో అరవై ఏళ్ళ మోకాలుందమ్మా" అన్నాడు కిందటి నెల డాక్టరు, ఎక్స్‌రే ఫిలింను వెలుతురుకు పట్టి చూస్తూ.

మెట్లు ఒక్కొక్కటే దిగి ఎల్‌బీ నగర్ మెట్రో ఎక్కింది. నిలబడి పైకమ్మీ పట్టుకుంటే చెయ్యి సాచనక్కర్లేదు. పక్కన నిలబడ్డ పెద్దావిడ తలెత్తి చూసి, "పోలీసా అమ్మా నువ్వు?" అని అడిగింది. రోజుకొకరు అడుగుతారు. కొన్నాళ్ళ కిందటి వరకూ "కాదమ్మా, బాస్కెట్‌బాల్ ఆడతా" అని చెప్పేది. ఇవాళ ఆ మాట ఎందుకో నోటికి రాలేదు. "కాదమ్మా" అని ఊరుకుంది.

ఆట ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. పదమూడేళ్ళప్పుడు సైదాబాద్‌లో, క్రిస్మస్ ముందు చర్చి గుమ్మానికి నిచ్చెన లేకుండా కాగితపు నక్షత్రం కడుతోంది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న శ్రీరామమూర్తి చూశాడు. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బాస్కెట్‌బాల్ కోచ్ ఆయన; ఇప్పుడు ఆఫీసు జట్టుకూ ఆయనే. దిగివచ్చి, "ఏమ్మా, రేపు పొద్దున గ్రౌండుకొస్తావా?" అని అడిగాడు. బళ్ళో కరెంటు స్తంభం అని పిలిపించుకునే పిల్లకు తన పొడవును చూసి సంతోషించిన మొదటి మనిషి ఆయనే. ఎనిమిదేళ్ళ కిందట పోయిన తండ్రి ఇశ్రాయేలు మేస్త్రీ పని చేసేవాడు. ఆట రూల్స్ ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. సిమెంటు చేతులతోనే వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం, "ఇయ్యాల నాలుగుసార్లు పడ్డవు, నాలుగుసార్లు లేసినవు" అనేవాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, బస్టాండు వెనక సందులోకి తిరిగింది. హాస్టళ్ళ బోర్డుల మధ్య ఒక గదిలో లచ్చయ్య కూర్చుని ఉన్నాడు. నల్గొండ దిక్కున వాళ్ళ ఊరివాడే; పాత కాంపౌండరు. మొద్దుబార్చే సూది మందు ముందే సిద్ధం చేసి పెట్టాడు గాని, ఆమె మోకాలు చూడగానే వెనక్కి జరిగాడు.

"ఒద్దు బిడ్డా. గిది నేను చేసే పని గాదు."

"ఒక్కసారి కాకా. మళ్ళ అడగ."

"నొప్పి తెల్వకుంట పోతది గంతే. లోపల అరిగేది అరుగుతనే ఉంటది."

"తెలుసు."

ఆయన నిట్టూర్చి, మోకాలి చుట్టూ నాలుగు చోట్ల గుచ్చాడు. "రొండు గంటలు. మూడో గంటల నన్ను తిట్టుకోకు."

కాసేపట్లో కాలు తేలికయింది. అలాంటి తేలిక గుర్తున్నంతలో పన్నెండేళ్ళ కిందటిది. ఆటో దిగి కొత్తపేట వెనక ఉన్న కోర్టుకు ఆమె నడవలేదు, దాదాపు పరుగెత్తింది.

పదహారు మంది వచ్చారు. ఆమె ఆడే స్థానంలో ఖాళీ ఒకటే, దానికి ఆమెతో పోటీ పడేది సంధ్యారాణి. మీర్‌పేట్ అమ్మాయి, ఇరవై రెండేళ్ళు, గట్టి భుజాలు. శ్రీరామమూర్తి జుట్టు పూర్తిగా నెరిసింది. మార్చిలో రిటైరవుతాడు. విజిల్ మెడలో వేసుకుంటూ అడిగాడు.

"మోకాలు ఎలా ఉంది సాధనా?"

"మంచిగున్నది సార్."

ఏడేళ్ళ కిందట నాగపూర్‌లో, ఫైనల్ ముందు కూడా ఆయన ఇదే అడిగాడు, ఆమె ఇదే చెప్పింది. ఆ పొద్దున కూడా మోకాలు ఉబ్బే ఉంది. ఆట సగం దాటాక గాలిలో తిరిగి దిగినప్పుడు ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. తర్వాత ఆఫీసువాళ్ళు దెబ్బ తగిలిన పిల్లను బలవంతంగా ఆడించాడన్నారు. తనకు తెలియదని ఆయన చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. దవాఖాన మంచం దగ్గరికి కాగితం తెచ్చి, ఆట ముందు మోకాలి సంగతి సారుకు చెప్పావా లేదా అని సాధనను అడిగారు. నిజం రాస్తే ఉద్యోగం పోతుందేమోనని, గుర్తు లేదని రాసి సంతకం పెట్టింది. రెండేళ్ళు ఆయన్ను జట్టు నుంచి తప్పించి స్టోర్సులో కూర్చోబెట్టారు. ఆ కాగితం గురించి ఆయన ఆమెను ఒక్కసారీ అడగలేదు. దవాఖానకు మాత్రం రోజూ బత్తాయిలు తెచ్చాడు.

విజిల్ మోగింది.

ఆ పది నిమిషాలు సాధన ఆడిన ఆటను అక్కడున్నవాళ్ళు చాలాకాలం చెప్పుకుంటారు. రింగుకు వీపు పెట్టి నిలబడి, వెనక ఆనుకున్న సంధ్యారాణి బరువు ఏ భుజం మీద ఉందో తెలుసుకుని, రెండో భుజం వైపు తిరిగేది. బోర్డుకు కొట్టుకుని వచ్చే బంతి ఎక్కడ పడుతుందో అది పడకముందే ఆమెకు తెలుసు. వయసు కాళ్ళ నుంచి తీసుకుపోయినదాన్ని కళ్ళలోకి తెచ్చి పెట్టినట్టుంది. ఒకసారి గీత దగ్గర బంతి అందుకుని, ఎడమకు వెళ్తున్నట్టు తల ఊపి, కుడికి తిరిగి, చెయ్యి తల మీదుగా వంచి హుక్ షాట్ వేసింది. బంతి ఇనుమును తాకకుండా వల మధ్యలోంచి జారింది. పక్కనున్న అమ్మాయిలు ఆట మరిచి చప్పట్లు కొట్టారు.

ఆమెకు మాత్రం ఏదో వెలితి. ఎగిరినప్పుడు గాలి తెలిసింది. దిగినప్పుడు నేల తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆమె కలలోకి వచ్చింది చప్పట్లు కావు. మడమ నేలకు తగిలి, ఆ అదురు పిక్కలోంచి మోకాలి దాకా పాకి, మళ్ళీ ఎగురు అని చెప్పే ఆ క్షణం. అది రాలేదు. ఎవరి కాలో అరువు తెచ్చుకుని ఆడినట్టుంది.

ఆట ఆపాక అందరూ నీళ్ళ కోసం షెడ్డు వైపు వెళ్ళారు. సాధన గోడవారగా ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుంది. శ్రీరామమూర్తి అట్టకు పెట్టిన కాగితంతో వచ్చి పక్కన నిలబడ్డాడు. పన్నెండో పేరు ఆమెదే. ఎదురుగా ఉన్న చెరకురసం బండి నుంచి ఐసు తెప్పించి, పాలిథిన్ కవరులో వేసి ముడివేశాడు. వంగి, ఆమె ఎడమ మోకాలి మీద పెట్టి అదిమాడు.

"అలవాటు ప్రకారం పెడుతున్నాలే. మరీ చల్లగా ఉందా? గుడ్డ చుట్టనా?"

సాధన కిందికి చూసింది. ఐసు ముక్కల అంచులు కవరులోంచి చర్మాన్ని నొక్కుతున్నాయి. నీళ్ళు పిక్క మీదుగా కారుతున్నాయి. ఆమెకు చల్లదనం తెలియడం లేదు. ఆయన వేళ్ళు చల్లదనానికి ఎర్రబడ్డాయి, అయినా తియ్యలేదు.

అవునని చెబితే చాలు. లేదన్నా చాలు, సంగతి బయటపడదు.

"నాకు తెలుస్తలేదు సార్."

"ఏం తెలియట్లేదు?"

"పొద్దున సూది ఏపిచ్చుకొని ఒచ్చిన. మోకాలు నిన్నటి సందే ఉబ్బింది." పిక్క మీద కారుతున్న నీళ్ళను అరచేత్తో తుడిచింది. "నాగపూర్ల గుడ ఉబ్బే ఉండె సార్. నాకు యాదికున్నది. అంతా యాదికుండంగనే గా కాగితం రాసిన."

శ్రీరామమూర్తి కవరు మీద నుంచి చెయ్యి తీయలేదు. కోర్టు వైపు చూశాడు. అక్కడ సంధ్యారాణి ఒంటరిగా, తను ఆపలేకపోయిన ఆ షాట్‌ను తిరిగి తిరిగి వేసి చూసుకుంటోంది. తల ఊపడం వచ్చింది, చెయ్యి ఇంకా రాలేదు.

"నాకు తెలుసమ్మా" అన్నాడాయన. "అప్పుడే తెలుసు. నీకు ఇరవై ఆరేళ్ళు, ఇంటికి నువ్వే ఆధారం. ఏం రాస్తావు మరి."

ఆ మాటతో సాధనకు ఏడుపు వచ్చింది. మోచేతితో ముఖం తుడుచుకుంది.

"నా పేరు కొట్టెయ్యుండ్రి సార్. గా పిల్లది రాయుండ్రి."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె పేరు మీద గీత గీశాడు. పక్కన సంధ్యారాణి పేరు రాసి, అట్టను బోర్లా పెట్టాడు.

"సార్, గా హుక్కు మంచిగ పడ్డది గదా?"

"రింగును కూడా తాకలేదు. ముప్పై ఏళ్ళ నుంచి నేర్పుతున్నాను, అలా వేసినవాళ్ళను ఇద్దరినో ముగ్గురినో చూశాను." ఆయన విజిల్‌ను సరిచేసుకున్నాడు. "రేపు పొద్దున వచ్చి ఆ అమ్మాయికి కాస్త చెయ్యి తిప్పడం చూపిస్తావా?"

సాధన కోర్టు వైపు చూసింది. తీసుకోవాలనిపించింది, బంతిని. ఇంకొక్కసారి, కాలు తెలిసే ఉండగా.

"ఇప్పుడే గాదు సార్. జర టైమియ్యుండ్రి."

ఆయన తలూపి అమ్మాయిల వైపు నడిచాడు. ఎవరూ ఇటు చూడలేదు. సాధన బ్యాగు భుజాన వేసుకుని గోడవారగా గేటు దాకా వెళ్ళింది. రోడ్డు మీదకు కాలు పెట్టినప్పుడు నొప్పి మొదలైంది. ముందు మడమలో, తర్వాత పిక్కలో, తర్వాత మోకాట్లో. నేల మళ్ళీ తెలిసింది. ఆమె ఆగి, రెండు పాదాలనూ ఆనించి నిలబడింది. వెనకనుంచి బంతి చప్పుడు వినిపిస్తోంది. అడుగు ముందుకు వేసింది.

మధ్యాహ్నపు ఎండ సిమెంటు బల్ల మీదికి జరిగింది. ఐసు కరిగిపోయి, ముడి విప్పని కవరులో నీళ్ళు మిగిలాయి. బంతి నేలను తాకినప్పుడల్లా ఆ నీళ్ళు సన్నగా అదురుతున్నాయి.